శ్రీహరికోట నేర్చిన దిగే విద్య

నెల్లూరు సీమ వాళ్లకు షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, పైకి పంపేదే. ప్రయోగం ఉందంటే సూళ్లూరుపేట నుంచి బుచ్చిరెడ్డిపాలెం దాకా మేడలెక్కి ఆగ్నేయం వైపు చూస్తారు. నిప్పుగీత మబ్బుల్లో కలిసిపోగానే ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ లేచినప్పటి నుంచి 35 ఏళ్లు శ్రీహరికోట పేరు మోగింది ఎగరేయడంతోనే. కక్ష్యలోకి పంపినదాన్ని పగలకుండా కిందికి తెచ్చుకునే పని 2007 జనవరిలో మొదలైంది.

ఆ నెల 10న పీఎస్ఎల్వీ-సీ7 మోసుకెళ్లిన నాలుగు ఉపగ్రహాల్లో ఒకటి ఎస్ఆర్ఈ-1 అనే 550 కిలోల క్యాప్సూల్. పన్నెండు రోజులు భూమి చుట్టూ తిరిగి 22వ తేదీ ఉదయం వెనక్కి మళ్లింది. వాతావరణంలోకి దూరేటప్పుడు దాని వేగం సెకనుకు 8 కిలోమీటర్లు. గాలి ఒరిపిడికి పుట్టే వేడిని సిలికా పలకలు కాచుకున్నాయి. 5 కిలోమీటర్ల ఎత్తుకు వచ్చేసరికి వేగం సెకనుకు 101 మీటర్లకు పడిపోయింది. అక్కడ చిన్న పారాచూట్లు విచ్చుకుని దాన్ని 47కు తగ్గించాయి. 2 కిలోమీటర్ల ఎత్తులో పెద్దది తెరుచుకుంది. 9 గంటల 46 నిమిషాలకు శ్రీహరికోటకు తూర్పున 140 కిలోమీటర్ల దూరంలో, సెకనుకు 12 మీటర్ల వేగంతో క్యాప్సూల్ బంగాళాఖాతంలో పడింది.

సెకనుకు 12 మీటర్లంటే రెండంతస్తుల మేడ మీద నుంచి దూకినంత దెబ్బ. లోపల మనుషుల్లేరు కాబట్టి సరిపోయింది.

మనిషి దిగే విద్యకు అంతకు ముందే రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. 1797 అక్టోబరు 22న పారిస్‌లో ఆండ్రే గార్నెరిన్ బెలూన్ నుంచి దిగినప్పుడు ఆయన బుట్ట అటూ ఇటూ భయంకరంగా ఊగిపోయింది. గుడ్డ కింద చిక్కిన గాలి ఒకసారి ఈ అంచు నుంచి, మరోసారి ఆ అంచు నుంచి తప్పించుకోవడమే కారణం. తర్వాత నడినెత్తిన ఒక రంధ్రం పెట్టాక ఊపు తగ్గింది.

రెండో ప్రపంచ యుద్ధంలో మాంచెస్టర్ దగ్గరి రింగ్‌వే శిక్షణ కేంద్రం నేల తాకే క్షణం మీద దృష్టి పెట్టింది. గుండ్రటి పారాచూట్‌కు వేగం తగ్గించుకునే ఉపాయం లేదు. అందుకే దెబ్బను ఒళ్లంతా పంచుకోవడం నేర్పారు. పాదాలు, మోకాళ్లు దగ్గరగా పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, నేల తగలగానే పక్కకు ఒరిగి దొర్లాలి. పాదం, పిక్క, తొడ, పిరుదు, వీపు పక్క భాగం వరుసగా నేలకు ఆనాలి. చెయ్యి చాపి ఆపుకోబోతే మణికట్టు విరుగుతుంది.

తర్వాతి మలుపు గాలిపటాలు చేసే డొమినా జాల్బర్ట్ వల్ల వచ్చింది. గాలి నింపుకుని విమానం రెక్కలా తేలే గుడ్డకు ఆయన 1966లో పేటెంటు పొందాడు. ఈనాటి స్కైడైవర్ల చదరపు పారాచూట్లు దాని వారసులే. దీన్ని గాలికి ఎదురుగా తిప్పుకుని, నేలకు మూడు నాలుగు మీటర్ల ఎత్తులో రెండు తాళ్లూ కలిపి కిందికి లాగితే రెక్క వెనక అంచు వంగుతుంది. వేగం పడిపోయి, మనిషి మెట్టు దిగినట్టు నేల మీద నిలబడతాడు. ముందే లాగితే రెక్క పట్టు తప్పి దభీమని పడేస్తుంది, ఆలస్యమైతే నేల వచ్చి గుద్దుతుంది. కాళ్ల కింద చూసేవాడికి ఎత్తు అంచనా దొరకదు. అందుకే శిక్షకులు చూపు దూరంగా నిలపమంటారు. నేలకు దగ్గరలో గబుక్కున మలుపు తిప్పి, చక్కగా తెరుచుకున్న పారాచూట్ కిందే ఎముకలు విరగ్గొట్టుకున్నవాళ్లు చాలామంది.

క్యాప్సూల్‌కు దొర్లే ఒళ్లు లేదు, తాళ్లు లాగే చేతులూ లేవు. దానికి మిగిలినవి పారాచూట్లు, తూర్పున ఉన్న సముద్రం. ఆ పారాచూట్లు తయారయ్యేది ఆగ్రాలోని డీఆర్‌డీవో సంస్థలో. సైన్యం పారాట్రూపర్లకు దూకడం, దొర్లడం నేర్పేదీ అదే ఊళ్లో.

2014 డిసెంబరు 18న ఎల్వీఎం3 రాకెట్ మోసిన 3,775 కిలోల వ్యోమగాముల మాడ్యూల్, లోపల ఎవరూ లేకుండా, అండమాన్ సముద్రంలో సెకనుకు దాదాపు 7 మీటర్ల వేగంతో దిగింది. అంటే ఎస్ఆర్ఈ కంటే దాదాపు ఏడు రెట్లు బరువైనది ఒక్క అంతస్తు ఎత్తు కూడా లేని దెబ్బతో ఆగింది. 2018 జులై 5న, 2023 అక్టోబరు 21న పరీక్షించింది ప్రయోగంలో ప్రమాదం జరిగితే వ్యోమగాముల్ని తప్పించే ఏర్పాటును. రెండుసార్లూ మాడ్యూల్ శ్రీహరికోట సముద్రంలోనే దిగింది. రెండోసారి తీరానికి దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో పడ్డాక తలకిందులై తేలింది. నౌకాదళ గజ ఈతగాళ్లు దాన్ని అలాగే పట్టుకోవాల్సి వచ్చింది. నీళ్లలో దిగడమే కాదు, దిగాక నిటారుగా తేలడమూ ఈ విద్యలో భాగమని తేలింది.

స్కైడైవర్ వీపున రెండో పారాచూట్ ఉన్నట్టే ఈ మాడ్యూల్లో వ్యోమగాముల్ని పంపే గగన్‌యాన్‌కూ అదనపు రక్షణ ఉంది. పది పారాచూట్లలో మూడు పెద్దవి. వాటిలో రెండు తెరుచుకున్నా చాలు. ఒకటి పనిచేయని పరిస్థితిని కల్పించి 2022 నవంబరు 18న ఝాన్సీ దగ్గరి బబీనాలో 5 టన్నుల బరువును విమానం నుంచి జారవిడిచి చూశారు. 2025 ఆగస్టు 24న పరీక్ష మళ్లీ ఈ తీరానికి వచ్చింది. చినూక్ హెలికాప్టర్ దాదాపు 3 కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలిన నమూనా మాడ్యూల్, వరుసగా తెరుచుకున్న పారాచూట్లతో శ్రీహరికోట సముద్రంలో దిగింది.