సైనికుడి చేతిలో ఒక తూటా.. స్నైపర్ చేతిలో మరో తూటా! ఎందుకీ తేడా?

2020 నవంబర్ 8. కశ్మీర్‌లోని కుప్వారా జిల్లా, మచిల్ సెక్టార్. అర్ధరాత్రి దాటాక చొరబాటుదారుల కదలికలను బీఎస్ఎఫ్ గస్తీ బృందం పసిగట్టింది. ఆ తర్వాత గంటల తరబడి జరిగిన ఎదురుకాల్పుల్లో ముగ్గురు ఉగ్రవాదులు హతమయ్యారు. మన వైపు కెప్టెన్ అశుతోష్ కుమార్, ఒక బీఎస్ఎఫ్ కానిస్టేబుల్, ఇద్దరు ఆర్మీ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఇద్దరు జవాన్లూ తెలుగువాళ్లే. ఒకరు చిత్తూరు జిల్లా ఐరాల మండలం రెడ్డివారిపల్లెకు చెందిన హవల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డి. ఇంకొకరు నిజామాబాద్ జిల్లా కోమన్‌పల్లికి చెందిన ర్యాడా మహేశ్.

అలాంటి కొండల్లో గస్తీకి వెళ్లే జవాను చేతిలో ఏ రైఫిల్ ఉందన్నదే కాదు, అందులో ఏ తూటా ఉందన్నదీ ముఖ్యమే. 1962 చైనా యుద్ధం తర్వాత నుంచి చూస్తే, ఈ విషయంలో మన సైన్యం ఒకటికి రెండుసార్లు మనసు మార్చుకుంది.

చైనాతో యుద్ధం నాటికి మన సైనికుల చేతుల్లో ఉన్నవి చాలావరకు పాత .303 రైఫిళ్లే. ఒక్కో తూటా పేల్చాక బోల్ట్ వెనక్కి లాగాలి. ఆ తర్వాత 7.62×51 తూటా వాడే ఎస్ఎల్ఆర్ వచ్చింది. బలమైన తూటా.. కానీ బరువు. తుపాకీ భుజాన్ని గట్టిగా తన్నేది. 1990ల చివర్లో దాని స్థానంలోకి ఇన్సాస్ వచ్చింది. దాని తూటా 5.56×45. చిన్నది, తేలికైనది, వేగం మాత్రం ఎక్కువ.

చిన్న తూటా ఎందుకు? దీనికి ఊళ్లో చాలామంది చెప్పే సమాధానం ఒకటుంది. శత్రువును చంపకుండా గాయపరిస్తే, అతన్ని మోయడానికి ఇంకో ఇద్దరు కావాలి కాబట్టి ముగ్గురు యుద్ధం నుంచి తప్పుకున్నట్టే అని. వినడానికి బాగానే ఉంటుంది కానీ, ఆ తూటా పుట్టింది ఇందుకు కాదు. అసలు కారణం బరువు. 7.62×51 తూటా ఒక్కోటి దాదాపు 24 గ్రాములు. 5.56 అందులో సగం, 12 గ్రాములు. 200 తూటాలు మోస్తే ఒకటి 4.8 కిలోలు, రెండోది 2.4 కిలోలు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు చేతిలో చిన్న సంచితో ఎక్కినవాళ్లకే ఈ తేడా తెలుస్తుంది. జవానుకు తూటాలతో పాటు నీళ్లు, రేషన్, గ్రెనేడ్లు, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ కూడా ఉంటాయి. పైగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జరిగిన అధ్యయనాల్లో తేలింది ఏంటంటే.. పదాతిదళం కాల్పుల్లో ఎక్కువ భాగం 300 మీటర్ల లోపే జరుగుతాయి. అంత దూరానికి పెద్ద తూటా మోయడం దండగ అనుకున్నారు. నాటో దేశాలు కూడా 1980లో 5.56నే ప్రామాణికం చేసుకున్నాయి.

మరి కశ్మీర్‌లో ఏమైంది? చిన్న తూటా దెబ్బ దాని వేగంలోనే ఉంటుంది. దూరం పెరిగి వేగం తగ్గేకొద్దీ ఆ దెబ్బ కూడా తగ్గుతుంది. గాయపడినా వెనక్కి వెళ్లే ఉద్దేశమే లేని ఉగ్రవాది, ఒంట్లో తూటా దిగినా కాల్పులు ఆపడు. ఎదురుగా ఉన్న జవానుకు ఆ కొద్ది సెకన్లే ప్రాణం మీదకు తెస్తాయి. (కార్గిల్‌లో ఇన్సాస్ మ్యాగజైన్లు చలికి పగలడం, రైఫిల్ జామ్ అవడం వేరే సంగతి. అది రైఫిల్ లోపం, తూటాది కాదు. రెండూ కలిపి తిట్టడం అలవాటైపోయింది.)

అందుకే సైన్యం మళ్లీ పెద్ద తూటా వైపు మళ్లింది. జనరల్ బిపిన్ రావత్ ఆర్మీ చీఫ్‌గా ఉన్నప్పుడు, 2019 ఫిబ్రవరిలో అమెరికా నుంచి 72,400 సిగ్-716 రైఫిళ్లకు ఆర్డర్ ఇచ్చారు. వీటిలో వాడేది 7.62×51. ఇవి ముందు వరుసలో ఉండే పదాతిదళానికి. 2024లో మరో 73,000 ఆర్డర్ చేశారు. మిగతా బలగాల కోసం ఏకే-203. ఉత్తరప్రదేశ్‌లోని అమేథీ దగ్గర కోర్వాలో 6 లక్షలకు పైగా తయారు చేసేలా 2021 డిసెంబర్ 6న రష్యాతో ఒప్పందం కుదిరింది. దీని తూటా 7.62×39, బరువు పదహారు పదిహేడు గ్రాములు. 300 మీటర్ల వరకు నమ్మకంగా పనిచేస్తుందని రక్షణ శాఖే చెప్పింది. ఈ ఒప్పందం జరిగిన రెండు రోజులకే కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో రావత్ కన్నుమూశారు. ఆయన వ్యక్తిగత భద్రతా సిబ్బందిలో ఒకరైన లాన్స్ నాయక్ సాయితేజ కూడా ఆ ప్రమాదంలోనే మరణించారు. ఆయనది అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం ఎగువరేగడ.

ఇక స్నైపర్ లెక్కే వేరు. అతను వందల తూటాలు మోయడు. ఒక్కటి వేస్తే తగలాలి, అంతే. దశాబ్దాలుగా మన స్నైపర్లు వాడింది రష్యన్ డ్రాగునోవ్. దాని తూటా 7.62×54, దాదాపు 800 మీటర్ల వరకు నమ్మొచ్చు. అదే తూటా మెషిన్‌గన్‌లోనూ పడుతుంది కానీ, మామూలు మెషిన్‌గన్ తూటా వేస్తే గురి చెదురుతుంది. అందుకే రష్యన్లు డ్రాగునోవ్ కోసం విడిగా తూటా తయారు చేసుకున్నారు. స్నైపర్ తూటాలో మందు కొలత, బుల్లెట్ బరువు ఒకదానికి ఒకటి దాదాపు అచ్చుగుద్దినట్టు ఉండాలి.

దూరం పెరిగితే ఇంకో చిక్కు. తూటా వేగం ధ్వని వేగానికి, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లకు, పడిపోయే దశలో అది నిలకడ కోల్పోతుంది. బరువైన, కోసుగా ఉండే .338 లపువా మ్యాగ్నమ్ తూటా తన వేగాన్ని చాలా దూరం నిలబెట్టుకుంటుంది. అయినా కిలోమీటరు వెళ్లడానికి దానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. ఈలోపు గాలి దాన్ని పక్కకు నెడుతుంది, శత్రువు ఒక అడుగు వేయొచ్చు. ఎత్తైన కొండల్లో గాలి పల్చగా ఉంటుంది కాబట్టి తూటా అనుకున్నదానికంటే కాస్త పైకి తగులుతుంది. మైదానంలో సరిచేసిన గురి అక్కడ పనికిరాదు.

నియంత్రణ రేఖ వెంట స్నైపర్ దాడులు పెరిగాక, 2019లో నార్తర్న్ కమాండ్‌కు ఇటలీ బెరెట్టా .338 రైఫిళ్లు, అమెరికా బ్యారెట్ .50 రైఫిళ్లు కొద్ది సంఖ్యలో వచ్చాయి. 2022 నాటికి ఫిన్లాండ్ తయారీ సాకో .338 చేరింది. .50 తూటా పని ప్రధానంగా వాహనాలు, బంకర్లు, పరికరాలను దెబ్బతీయడం.

ఇంత లెక్క చూసే సైన్యం, ఒంట్లోకి వెళ్లాక పువ్వులా విచ్చుకునే తూటా ఎందుకు వాడదు? 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో దాన్ని నిషేధించింది. ఆ తూటాకు పేరు వచ్చింది కూడా మన దేశం నుంచే.. కోల్‌కతా దగ్గరి డమ్ డమ్ ఆయుధాగారం నుంచి. పోలీసుల సంగతి వేరు. తిరుమల లాంటి చోట, భక్తుల రద్దీలో రక్షణ చూసే కమాండోలకు ఒకరి ఒంట్లోంచి దూసుకెళ్లి వెనకున్నవాళ్లకు తగిలే తూటాయే పెద్ద ప్రమాదం. అక్కడ రైఫిల్ శక్తి బలం కాదు, తలనొప్పి.

సరఫరా కూడా చూసుకోవాలి. 2020లో ఇజ్రాయెల్ నుంచి ఆర్డర్ చేసిన 16,479 నెగెవ్ లైట్ మెషిన్‌గన్లు కూడా 7.62×51వే. అంటే మెషిన్‌గన్ జవాను దగ్గరి తూటాలు సిగ్-716 జవానుకు పనికొస్తాయి. అదే ఏకే-203 చేతిలో ఉన్న జవానుకు పనికిరావు. రెండింటినీ 7.62 అనే అంటారు కానీ, ఒకదాని గొట్టం పొడవు 51 మిల్లీమీటర్లు, రెండోదానిది 39. పెట్టె మీద ఆ చివరి రెండంకెలు కూడా చూడకుండా పైకి పంపితే, కొండ మీద ఉన్న పోస్టుకు చేరేది పనికిరాని ఇత్తడే.