కిట్లు ఎన్ని పంచారో సరే, పిల్లలు పెరిగారా?

రమజాన్ రేషన్ కిట్లు, బస్తీ హెల్త్ క్యాంపులు, అంగన్‌వాడీ భోజనం... ఏ రిపోర్టు చూసినా ముందు కనిపించేది ‘ఇంతమందికి ఇచ్చాం’ అనే అంకె. అది ఖర్చు లెక్క. సరుకు కొన్న బిల్లు చూసి దుకాణానికి లాభమొచ్చిందని ఎవరూ చెప్పరు కదా! తిన్నవాళ్ల బరువు, ఎత్తు, హిమోగ్లోబిన్ మారాయా అన్నదే ఫలితం.

తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి 2015లో మొదలైంది. గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీలోనే కూర్చుని ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు తీసుకోవాలి. ఇంటికిస్తే అందరికీ పంచి తల్లికి మిగిలేది తక్కువ. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు 2015-16లో 28 శాతం ఉంటే, 2019-21 సర్వేలో 33.1 శాతమయ్యారు. పిల్లల్లో రక్తహీనత 60.7 నుంచి 70 శాతానికి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ అది 58.6 నుంచి 63.2కు చేరింది.

అలాగని పథకం దండగ అనలేం. సర్వే లెక్కపెట్టింది రాష్ట్రంలోని పిల్లలందరినీ, ఆ భోజనం తిన్న తల్లుల పిల్లల్ని మాత్రమే కాదు. అలాంటి ఇళ్లలోనే తిన్నవాళ్లనూ తిననివాళ్లనూ పోల్చితేనే అసలు సంగతి తేలుతుంది. పైగా విరేచనాలు, మురికినీళ్లు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వవు.

చిన్న కమిటీలు కూడా కొలవొచ్చు. మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత మళ్లీ, అదే త్రాసుతో. ఆరు నెలల నుంచి ఐదేళ్ల పిల్లలకు జబ్బ చుట్టుకొలత టేపు చాలు: 11.5 సెంటీమీటర్ల లోపుంటే తీవ్ర లోపం, 12.5 లోపుంటే ఒక మోస్తరు. మధ్యలో మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేస్తే ఫలితం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. చాలా రిపోర్టుల్లో జరిగేది ఇదే. మూడు నెలల కార్యక్రమాన్ని ఎత్తుతో తూచడం కూడా అన్యాయమే, ముందు మారేది బరువు.

ఐరన్ మాత్రలదీ ఇదే కథ. ఎన్ని ఇచ్చారని కాదు, స్ట్రిప్పులో ఎన్ని మిగిలాయో చూడాలి. మన ఇళ్లలో తినగానే చాయ్ తాగుతారు. చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మాత్రకూ చాయ్‌కీ గంటో రెండు గంటలో ఎడం ఉండాలి.

అంగన్‌వాడీకి వెళ్లినప్పుడు అమ్మీలు బిడ్డ బరువు చూసి ఊరుకోకుండా తల్లీబిడ్డల కార్డులో గీత గీయించుకోవాలి. వరసగా రెండు నెలలు ఆ గీత పైకి లేవకపోతే, బిడ్డ చలాకీగా ఆడుతున్నా సరే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకు చూపించాలి.