శోధనలో పడిన సంఘము నేర్చుకొన్న ప్రార్థన

ప్రభువు నేర్పిన ప్రార్థనను మనము ప్రతి ఆదివారము కలిసి చెప్పుకొంటాము. అందులో శోధనను గూర్చిన విన్నపము చాలసార్లు ఆలోచన లేకుండగనే మన నోటినుండి వెళ్లిపోతుంది. ఆ మాటల బరువు తెలిసికొనుటకు ఒకప్పుడు ఒక సంఘము గొప్ప వెల చెల్లించింది. శతవార్షికోత్సవ దినములలో విశ్వాసములో నిలిచిన పితరులను కొనియాడుట తగినదే. పడి లేచిన వారిని కూడ జ్ఞాపకము చేసికొందము.

నేటి ట్యునీసియా దేశములో ఉన్న కార్తేజు, ఆనాడు రోమా సామ్రాజ్యములో ఒక మహా పట్టణము. క్రీ.శ. 250 ప్రాంతములో చక్రవర్తియైన డేసియస్, ప్రజలందరు రోమా దేవతలకు బలి అర్పించి అధికారుల యొద్ద ధ్రువపత్రము పొందవలెనని ఆజ్ఞాపించాడు. అటువంటి పత్రములు ఐగుప్తు ఇసుకలో 40కి పైగా దొరికాయి. చాలకాలము నెమ్మది అనుభవించిన సంఘములో అప్పటికే భక్తి చల్లారింది. పట్టుకొనక ముందే అనేకులు తామే బలిపీఠము వద్దకు పరుగెత్తారు. కొందరు బలి అర్పింపకుండ, లంచమిచ్చి పత్రము మాత్రము సంపాదించారు. విగ్రహమునకు మ్రొక్కలేదు గదా అని తమ్మును తాము ఓదార్చుకొన్నారు.

బిషప్పు సిప్రియను పట్టణము విడిచి దాగియుండి, ఉత్తరముల ద్వారా సంఘమును నడిపించారు. అందుకు ఆయన నిందపాలైనారు. చెరసాలలో స్థిరముగా నిలిచిన వారిలో కొందరికి గర్వము కలిగింది. శోధన ఇంకను ముగియలేదని ఆయన వారిని హెచ్చరించారు.

251లో ఆయన తిరిగి వచ్చేసరికి పడిపోయినవారు సంఘ ద్వారము వద్ద నిలిచియున్నారు. వీరికి ఇక క్షమాపణ లేదని కొందరు, వెంటనే చేర్చుకొనవలెనని మరికొందరు వాదించారు. సిప్రియనును తోడి బిషప్పులును పశ్చాత్తాపమునకు కాలమిచ్చారు. తరువాత మరియొక హింస రానున్నదని తోచినప్పుడు, పశ్చాత్తాపపడిన వారిని ప్రభువు బల్ల యొద్దకు చేర్చుకొన్నారు. యుద్ధమునకు వెళ్లువానిని ఆకలితో పంపరాదు గదా!

ఇంచుమించు ఆ కాలములోనే, 252 ప్రాంతములో, సిప్రియను ప్రభువు ప్రార్థనకు వివరణ వ్రాశారు. దేవుని సెలవు లేక అపవాది మనలను ఏమియు చేయలేడని, ఈ విన్నపము మన బలహీనతను మనకు జ్ఞాపకము చేయుచున్నదని ఆయన బోధించారు. ఇది 'నన్ను' అను ప్రార్థన కాదు, 'మమ్మును' అను ప్రార్థన. ఒకప్పుడు దాగిన ఆ బిషప్పే 258 సెప్టెంబరు 14న కార్తేజులో క్రీస్తు నిమిత్తము ఖడ్గమునకు తల ఒగ్గారు.

ప్రియ సంఘస్థులారా, నేడు మనకు శోధన తరచుగా ఖడ్గముతో రాదు. సారా సీసాగా, లంచముగా, చిన్న అబద్ధముగా వస్తుంది. నా పరిచర్య తొలి దినములలో త్రాగుడుకు లోబడిన ఒక సహోదరుని పేరు సంస్కారపు జాబితానుండి తీసివేశాను. నా బాధ్యత తీరినదనుకొన్నాను. అతని ఇంటికి వెళ్లి, అతనితో మోకాళ్లూనలేదు. కొంతకాలమునకు అతడు గుడికి రావడమే మానివేశాడు. ఆదివారము 'మమ్మును' అని ప్రార్థించుచు, సోమవారము అతనిని ఒంటరిగా విడిచినవాడను నేనే.

శోధననుండి తప్పించుమని అడుగు సంఘము, పడినవానికి చెయ్యి అందింపవలెను. రాబోవు నూరేండ్లలో మన సంఘములు ఈ ప్రార్థనను ఒకరికొరకు ఒకరు చేయునట్లు దేవుడు మనకు కృప అనుగ్రహించును గాక. ఆమేన్.