రాయి చెప్పింది విన్న పాదిరీలు

స్కాట్లాండ్ తూర్పు తీరాన సిక్కర్ పాయింట్ అనే కొండకొమ్ము సముద్రంలోకి చొచ్చుకుని ఉంటుంది. 1788లో భూగర్భశాస్త్రవేత్త జేమ్స్ హట్టన్ ఇద్దరు మిత్రులతో పడవ మీద అక్కడికి వెళ్లాడు. వాళ్లలో జాన్ ప్లేఫెయిర్ ఎడిన్‌బరోలో గణితాచార్యుడు; అంతకుముందు చర్చి పాదిరి. అలలు కోసిన గట్టులో బూడిదరంగు రాతిపొరలు దాదాపు నిట్టనిలువుగా ఉన్నాయి. వాటి తలల మీద ఎర్ర ఇసుకరాయి కాస్త వాలుగా పరుచుకుని ఉంది.

కింది పొరలు సముద్రం అడుగున పేరుకోవాలి. గట్టిపడాలి, పైకి లేచి నిలువుగా తిరగాలి, అరగాలి. ఆ తర్వాతే ఎర్ర ఇసుక వచ్చి చేరాలి. ఇవాళ వాన, ఏరు, అల ఎలా పనిచేస్తున్నాయో అప్పుడూ అలాగే పనిచేశాయన్నది హట్టన్ వాదం. అలాగైతే భూమి వయసుగా అప్పట్లో చెప్పుకునే ఆరు వేల ఏళ్లు అక్కడ ఏ మూలకూ చాలవు. ఆ రెండు రాళ్ల మధ్య 6 కోట్ల ఏళ్లకు పైగా ఎడం ఉందని ఇప్పుడు మనకు తెలుసు.

ఆరు వేల లెక్క గాలిలోంచి పుట్టింది కాదు. ఐర్లాండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ బైబిల్ వంశావళుల్నీ ప్రాచీన రాజుల కాలాల్నీ ఓపిగ్గా జతచేసి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని 1650లో ప్రకటించాడు. ఆనాటికి అది గొప్ప పాండిత్యం. ఆయన చదివింది గ్రంథాలను. రాతిని చదివే విద్య అప్పటికింకా రాలేదు.

హట్టన్‌ను సంప్రదాయ క్రైస్తవుడనలేం. కానీ ఆయన బాటలో నడిచినవాళ్లలో నిష్ఠగల విశ్వాసులున్నారు. నాకు ఎక్కువ గౌరవం కలిగేది ఆడమ్ సెడ్జ్‌విక్ మీద. కేంబ్రిడ్జిలో భూగర్భశాస్త్ర ఆచార్యుడు, ఆంగ్లికన్ గురువు. గులకరాళ్ల మేటలన్నీ నోవహు జలప్రళయం మిగిల్చినవేనని బోధించినవాడు. ఆధారాలు అలా లేవని తేలాక, 1831లో లండన్ జియలాజికల్ సొసైటీ అధ్యక్షపీఠం నుంచే ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. విశ్వాసం మాత్రం కడదాకా వదల్లేదు. డార్విన్ తన శిష్యుడే అయినా పరిణామవాదాన్ని ఒప్పుకోలేదు. భూమి వయసు విషయంలో మాత్రం వెనక్కి చూడలేదు. దేవుడు పెట్టిన నియమాలు నిలకడైనవని నమ్మినవాడు, ఆ నియమాలు చూపించే కాలాన్ని కాదనలేడు కదా!

ఈ కథకు మన గోదావరి లోయతోనూ చుట్టరికం ఉంది. హట్టన్ సేద్యం చేసిన పొలాలకు దగ్గర్లోనే డన్స్ అనే ఊరు. అక్కడ 1817లో పుట్టిన స్టీఫెన్ హిస్లాప్ మిషనరీగా నాగపూర్ వచ్చి బడి పెట్టాడు. సువార్త చెబుతూ తిరిగిన దారుల్లోనే శిలాజాలు ఏరాడు, గోండుల పాటలు సేకరించాడు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా మలేరి దగ్గర దొరికిన పురాతన చేప పళ్లకు 1859లో ఆయన పేరే పెట్టారు. గాలి పీల్చగల ఆ చేప ఈదింది 20 కోట్ల ఏళ్లకు ముందటి నీళ్లలో. 1863లో ఏరు దాటుతూ మునిగి హిస్లాప్ చనిపోయాడు.

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం కూడా ఆ గోదావరి లోయదే. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లినప్పుడు హిస్లాప్ గురించి కూడా చెప్పండి. సండే స్కూలు పిల్లలకైతే తప్పకుండా చెప్పాలి.