శస్త్రవైద్య విద్యార్థులు – హైదరాబాదు క్లోరోఫారము పరీక్షలు



వేసవి సెలవులలో వైద్యవిద్యార్థులు కొందఱు ఇండ్లకు పోక పరిశోధనశాలలకు పోవుదురు. మన దేశమున వైద్య పరిశోధన మండలి 1979లో ఇట్టివారికై రెండు మాసముల పరిశోధనకు వేతనము నేర్పఱచెను. శస్త్రవైద్యము నేర్వగోరు పిన్నలకు ఈ శ్రమ యేల, కత్తి పట్టుట నేర్చిన చాలదా యని పెద్దలు అడుగుట కలదు. దీనికి సమాధానము హైదరాబాదు చరిత్రమునందే యున్నది.

చేతికి అభ్యాసము కావలెనని మన పూర్వు లెఱుగుదురు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయ మీ విషయమునకే కేటాయింపబడినది. శాస్త్రమంతయు చదివినను అభ్యాసము లేని శిష్యుడు చికిత్సకు యోగ్యుడు కాడని అందు చెప్పబడినది. గుమ్మడి, సొర, దోస మున్నగు కాయలపై కోతను, నీరును బురదయు నింపిన తోలుతిత్తులపై చీల్చుటను, చచ్చిన పశువుల సిరలపైనను తామరతూండ్లపైనను సిరావేధమును, దళసరి వస్త్రముపై కుట్టును నేర్పవలెనట. ఇది చేతికి శిక్షణము. బుద్ధికి వేఱొక శిక్షణము కావలెను.

హైదరాబాదులో వైద్యపాఠశాల 1846లో వెలసెను. 1885లో ఎడ్వర్డు లారీ యను ఆంగ్ల వైద్యుడు రెసిడెన్సీ సర్జనుగా వచ్చెను. ఆయన ఎడిన్‌బరోలో జేమ్సు సైము అను శస్త్రవైద్యునికి శిష్యుడు. క్లోరోఫారము నిచ్చునపుడు శ్వాసను చూడుడు, నాడిని చూడ నక్కఱలేదు అనునది గురువుగారి మతము, శిష్యునిదియు నదియే. 1847లో సింప్సను ఈ మత్తుమందును వాడుకలోనికి తెచ్చెను. మఱుసటి జనవరిలోనే ఇంగ్లండున హన్నా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుచు దాని వలన మరణించెను. ముందుగా ఆగునది శ్వాసయా, గుండెయా? వైద్యలోకము రెండుగా చీలెను.

లారీ 1888లో ఒక పరీక్షాసంఘము నేర్పఱచెను. నూటికి పైగా కుక్కలకు క్లోరోఫారము నిచ్చి చూడగా శ్వాసయే ముం దాగినదని ఆ సంఘము తేల్చెను. 1889 జనవరిలో కన్నాటు ప్రభుపత్ని పాఠశాల విద్యార్థులకు బహుమతులు పంచిన సభలో లారీ ఈ ఫలితమును చాటెను. లండనునందలి ‘లాన్సెటు’ పత్రిక దానిని అంగీకరింపలేదు. అంతట ఆఱవ నిజాము మహబూబు అలీ ఖాను వేయి పౌను లిచ్చి, మీ పండితునే పంపుడని ఆ పత్రిక నాహ్వానించెను. లాడరు బ్రంటను వచ్చెను. 1889 అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు రెండవ సంఘము నాలుగు వందలకు పైగా జంతువులపై పరీక్షలు జరిపెను. భిన్నాభిప్రాయముతో వచ్చిన బ్రంటనును లారీ పక్షమునకే చేరెను.

ఆ కాలమున ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ 1889లో విద్య ముగించి, హైదరాబాదు ఆసుపత్రులలో మత్తు నిచ్చుటయే వృత్తిగా గైకొనెను. లోకమున తొలి మత్తువైద్యురా లామెయే యని చెప్పుదురు.

కథ ఇంతటితో ముగియలేదు. 1911 మొదలు గుడ్‌మన్ లీవీ పిల్లులపై పరీక్షించి, మత్తు స్వల్పముగా నున్నపుడే గుండె క్రమము తప్పి వణకి, హఠాత్తుగా నిలిచిపోవచ్చునని నిరూపించెను. హైదరాబాదువారు మందు నధికముగా నిచ్చి చంపిన జంతువులలో శ్వాస ముందాగిన మాట నిజమే. వారు చూచినది అబద్ధము కాదు. చూడనిదానిని లేదనుట దోషము. గురువుగారి మతము ప్రశ్ననే సంకుచితము చేసెను. అయినను శ్వాసను కనిపెట్టి యుండుడను వారి హెచ్చరిక వ్యర్థము కాలేదు. నేటి మత్తువైద్యుడు శ్వాసను, నాడిని, రెంటిని కనిపెట్టియే యుండును. క్లోరోఫారము మాత్రము శస్త్రశాలనుండి వెడలిపోయినది.

పిన్నల సాయము పెద్ద ఫలమిచ్చిన సందర్భములును కలవు. 1921 వేసవిలో టొరాంటోలో బాంటింగు అను శస్త్రవైద్యునికి, అప్పుడే పట్టము పొందిన యిరువదిరెండేండ్ల బెస్టు తోడుపడెను. వారి పనినుండియే ఇన్సులిను చికిత్స పుట్టినది.

మా తుక్కుగూడ శ్రీశైలము బాటమీద, నగరమునకు దక్షిణమున నున్నది. ఇక్కడి రైతుబిడ్డ కోతచికిత్సకు పట్నము పోయి, ముక్కు మొగ మెఱుగని వైద్యుని నమ్మి కన్నులు మూయును. ఆ కన్నులు మరల తెఱచుట ఆ వైద్యుడు తన గురువు మాటను ఎంత భక్తితో విన్నాడనుదానిపై గాక, ఎంత జాగ్రత్తతో పరీక్షించినాడనుదానిపై ఆధారపడి యుండును. కావున విద్యార్థులారా, వేసవిలో గురువుగారి ప్రశ్నను భక్తితో స్వీకరింపుడు. అందు అడుగక విడిచిన దేమని వినయముతో అడుగుడు. గురువులారా, అట్లడిగిన శిష్యుని కసరకుడు.