హరితగృహం: చలి దేశం నుంచి కరవు సీమకు

హరితగృహం అనగానే మీకు గాజు గోడల గది గుర్తుకు రావచ్చు. చలి దేశాలలో ఎండ వేడిని లోపల నిలపడానికి దానిని కట్టేవారు. గాజు ఖరీదైనది కనుక చాలాకాలం అది సంపన్నుల తోటలకే పరిమితమయింది. 1948లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎమర్ట్ గాజుకు బదులు పలుచని ప్లాస్టిక్ పొర వాడి ఖర్చు తగ్గించాడు.

ఈ నమూనాను అనంతపురంలో యథాతథంగా కట్టవచ్చా? ఇక్కడ ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అన్ని వైపులా మూసిన ప్లాస్టిక్ గుడారంలో నారు మాడిపోతుంది. ఇది గ్రహించక అప్పు చేసి కడితే పంటతో పాటు పెట్టుబడీ పోతుంది. ఇక్కడి హరితగృహం ఎండను తగ్గించాలి, తేమను కాపాడాలి. అవిశ చెట్ల నీడన తమలపాకు తీగలు పెంచిన మన రైతులకు ఈ సూత్రం కొత్తది కాదు.

పెరట్లో వెదురు గుంజలు పాతి, పైనా చుట్టూ సగం ఎండను ఆపే షేడ్‌నెట్ కట్టండి. గాలికి లేవకుండా అంచులను మట్టిలో పూడ్చండి. మొక్కల మొదళ్లలో వేరుశనగ పొట్టు పరచి, డ్రిప్‌తో నీరివ్వండి. తెలంగాణలో చిన్న రైతులకోసం ఖేతీ సంస్థ రూపొందించిన చౌక హరితగృహం కూడా నీడ, పొదుపు నీరు అనే సూత్రాలపైనే నిలిచింది. దానికి 2022లో ఎర్త్‌షాట్ బహుమతి లభించింది.

ఆలోచించండి: ఒక సాంకేతికత కొత్త నేలకు వచ్చినపుడు దాని ప్రయోజనమే ఎలా మారుతుందో మీ ఊరి నుంచి మరొక ఉదాహరణతో వివరించండి.