చట్రముపై సారథి: జంషెడ్‌పూరు నుండి బెజవాడకు లారీ వచ్చిన దారి

బాహుక నామమున ఋతుపర్ణుని కొలువులో నున్న నలుడు ఒక్క దినములో అయోధ్య నుండి విదర్భకు రథము తోలిన కథ తెలుగువారికి సుపరిచితము. త్రోవలో రాజు ఉత్తరీయము జారిపడినది. రథము నాపుమని అతడు పలుకునంతలో ఆ వస్త్రము యోజనము దూరము వెనుకబడినది. భారతము రాజునే గాక సారథి నేర్పును గూడ శాశ్వతముగ నిలిపినది. ఆధునిక కాలమున తెలుగు దేశమునకు క్రొత్త లారీలను తోలుకొని వచ్చిన సారథులకు అట్టి భాగ్యము దక్కలేదు. వారి శ్రమ జమాఖర్చు పుస్తకములలో బత్తెము పద్దు క్రింద ఒక పంక్తిగా మిగిలినది.

టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ 1945లో ఏర్పడి, జంషెడ్‌పూరున మొదట రైలింజన్లను నిర్మించినది. 1954లో జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సంస్థతో ఒడంబడిక చేసికొని లారీల తయారీకి పూనుకొనినది. ఆ ఒడంబడిక 1969లో ముగిసినను లారీల నిర్మాణము ఆగలేదు. దక్షిణమున మద్రాసు చెంత ఎన్నూరులోని కర్మాగారము 1955 నుండి అశోక్ లేలాండ్ అను పేర ప్రసిద్ధి చెందినది. బెజవాడ వ్యాపారికి ఎన్నూరు దగ్గర. జంషెడ్‌పూరు మిక్కిలి దూరము.

ఆ కాలమున కొనువానికి లభించునది నేడు మనము చూచు లారీ కాదు. నాలుగు దిక్కుల చక్రములు, నడుమ ఇనుప దూలములు, ముందు ఇంజను, దాని వెనుక స్టీరింగు. ఇంతియే. దీనినే చాసిస్ అందురు, తెలుగున చట్రమనవచ్చును. ధాన్యము మోయువానికొక తీరు, పొగాకు మోయువానికొక తీరు, కలప మోయువానికి వేరొక తీరు తొట్టి కావలెను గనుక, కొనువాడు తన అవసరమును బట్టి పై కట్టడమును స్వస్థలమున కట్టించుకొనుచుండెను. చట్టము గూడ దీనిని గుర్తించి, చట్రమునకు తాత్కాలిక నమోదు అనుగ్రహించి, పై కట్టడము పూర్తిగాక ఆలస్యమైనచో గడువు పొడిగించుటకు వీలు కల్పించినది.

జంషెడ్‌పూరున బయలుదేరిన సారథి బాలేశ్వరము, భద్రక్, కటకముల మీదుగా భువనేశ్వరము చేరి, బరంపురము దాటి ఇచ్ఛాపురమున తెలుగు నేల నడుగిడును. పిదప శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, ఏలూరు, తుదకు బెజవాడ. సుమారు 1,200 కిలోమీటర్లు. ఇందులో పెద్ద భాగము కలకత్తా, మద్రాసులను కలుపు రాజమార్గమే. దీనిని చిరకాలము 5వ నంబరు జాతీయ రహదారి యనిరి. నేడది 16వ నంబరు.

ఈ తీరపు దారి తెలుగు వాఙ్మయమునకు క్రొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణమున బయలుదేరి, కాశీయాత్ర ముగించుకొని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. తిరుగు ప్రయాణమున ఆయన కలకత్తా, జగన్నాథముల మీదుగా ఈ తీరము వెంబడియే వచ్చెను. పల్లకి, బోయీలు, పరివారము ఆయన వెంట నుండిరి. ఆయన దినదినము వ్రాసికొనుటచేత ఆ దారి నేటికిని చదువరుల కన్నులకు కట్టుచున్నది.

లారీ సారథికి పల్లకి నీడ గూడ లేదు. చట్రముపై కప్పు లేదు, ముందు అద్దము లేదు, ప్రక్కల తలుపులు లేవు. చెక్కపెట్టెయో తాత్కాలికముగ బిగించిన పీటయో ఆసనము. తలకు గుడ్డ చుట్టి, కండ్లకు అద్దములు పెట్టుకొని, ఎండను, దుమ్మును, వానను మొగముతోనే ఎదుర్కొనవలెను. శీతకాలపు రాత్రులలో చలిగాలికి వ్రేళ్ళు కొంకర్లు పోవును. క్రొత్త ఇంజనును మొదటనే వేగముగ తోలరాదు. గంటకు 30 కిలోమీటర్ల చొప్పున లెక్కించినచో ఈ దూరమునకు 40 గంటలు పట్టును. దినమునకు ఎనిమిది గంటలు తోలినచో అయిదు దినములు. త్వరపడినవాడు ఆ దినములను తగ్గించుటకు నిద్రను తగ్గించుకొనవలెను.

నదులు మరియొక పరీక్ష. సువర్ణరేఖ, వైతరణి, బ్రాహ్మణి, మహానది, వంశధార, నాగావళి వరుసగ ఎదురగును. రాజమహేంద్రవరమున గోదావరిపై రైలుతోబాటు రోడ్డును గూడ మోయు వంతెన 1974లో ప్రారంభమైనది. అంతకు ముందు అచ్చట బండ్లను పంట్లపై దాటించుచుండిరి. రేవున తన వంతు వచ్చువరకు వేచియుండుటయే సారథికి దొరకిన విశ్రాంతి.

బెజవాడ చేరిన చట్రమునకు వడ్రంగులు, కమ్మరులు, రంగులవారు రూపము తెచ్చుచుండిరి. 1960వ దశకమున అచ్చట వెలసిన ఆటోనగరు ఈ పనివారికి నిలయమైనది. పిదప పసుపు కుంకుమలు, చక్రముల క్రింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ. ఊరివారు దర్శించునది ఈ అలంకృత రథమునే. దానిని తోలి తెచ్చినవాడు అప్పటికే తిరుగు రైలులో నుండును.

1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటల పనిని, వారమునకొక విశ్రాంతి దినమును నిర్దేశించినది. అయిదుగురికి తక్కువ పనివారు గల యజమానులకు ఇది సామాన్యముగ వర్తింపలేదు; ఒకటి రెండు లారీలు గల యజమానులు అనేకులు దీనికి వెలుపలనే యుండిరి. నేడు అనేక లారీలు క్యాబినుతోనే కర్మాగారమున వెలువడుచున్నవి. 2025 అక్టోబరు 1 నుండి తయారగు మధ్యతరహా, భారీ లారీల క్యాబినులలో చల్లదనపు యంత్రముండవలెనని కేంద్రప్రభుత్వము 2023లో ఉత్తరువు చేసినది. చట్రముపై చెక్కపీట నుండి ఇంతవరకు వచ్చుటకు దాదాపు 70 ఏండ్లు పట్టినది.

లారీ వెల, నూనె ఖర్చు, కట్టుబడి కూలి దస్త్రములలో నుండును. ఇచ్ఛాపురము చేరునాటికి సారథి మొగము ఎట్లుండెనో దస్త్రము చెప్పదు. ఆ దారిని నడిచిన వృద్ధులు అచ్చటచ్చట గ్రామములలో నున్నారు. వారి నోట విని వ్రాసి భద్రపరచు పని గ్రామ గ్రంథాలయములది. వీరాస్వామయ్య గ్రంథమున్న బీరువాలోనే ఆ వ్రాతప్రతికిని చోటుండవలెను.